మూడోది అడుగు

ఆదివారం. సముద్రం నెమ్మదిగా ఉంది.

బొమ్మిడాయీ,

నర్సు ఎస్తేరు సిస్టరు ఈ పుస్తకం ఇచ్చి రోజూ రాయమంది. తల ఎప్పుడు తిరిగింది, ఎటు తూలాను, ఏం తిన్నాను, అన్నీ రాయాలట. మన ఊరంతా తేలే ఈ తెప్ప మీద ఇంటికొకరు రాస్తున్నారు. మన తెప్ప బొంగరం ఆపేశాక మనుషుల ఒళ్ళు మళ్ళీ నిలబడడం ఎలా నేర్చుకుందో మిగతా తెప్పల వాళ్ళు చదివి తెలుసుకుంటారట. వాళ్ళ బొంగరాలు కూడా ఒకదాని తర్వాత ఒకటి ఆపేస్తారు కదా. నాకు చదువు తక్కువ. ముక్కూ మొహం తెలియని వాళ్ళకి ఏం రాయాలో తోచదు. అందుకని నీకు రాస్తాను. వాళ్ళు పక్కన నిలబడి వింటారు.

వాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. నీ పేరు నూకరత్నం. చిన్నప్పుడు నూనె రాసి నీళ్ళు పోస్తుంటే బొమ్మిడాయి చేపలా చేతుల్లోంచి జారిపోయేదానివి, అందుకని బొమ్మిడాయి అని పిలిచేదాన్ని. పెద్దయ్యాక నలుగురిలో అలా పిలిస్తే కళ్ళెర్రజేసేదానివి. ఇప్పుడు ఎర్రజేసేవాళ్ళు లేరు కాబట్టి పుస్తకం నిండా అదే రాస్తాను.

బొంగరం అంటే తెప్ప కడుపులో తిరిగే పెద్ద ఇనప చక్రం. అది తిరిగినంతసేపూ కింద అలలు ఎంత లేచినా పైన నేల కదలదు. అది రాకముందు గిన్నెని పొయ్యికి తాడుతో కట్టి వండేదాన్ని. అది వచ్చిన రోజు చారుగిన్నె పెట్టి, తాడు కట్టకుండా, భయం భయంగా చెయ్యి తీశాను. గిన్నె అక్కడే ఉంది. సంతోషం పట్టలేక కూర్చుని ఏడ్చాను. నువ్వు మాత్రం ఆ రాత్రి నిద్రపోలేదు. "నేల చచ్చిపోయిందమ్మా" అన్నావు. పిల్లదానివి, ఏదో అంటున్నావులే అనుకున్నాను.

ఇప్పుడు కరెంటు చాలడం లేదు. ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే మిషనుకి ఇవ్వాలా, బొంగరానికి ఇవ్వాలా అంటే మంచినీళ్ళకే అన్నారు. ఎవరైనా అదే అంటారు. తెప్ప పెద్ద దానయ్య బావ నిన్న అందరినీ పోగుచేసి చెప్పాడు. వచ్చే అమావాస్య నాడు పేర్ల పిలుపు మొదలైనప్పటి నుంచి అయిపోయేదాకా కళ్ళు మూసుకుని ఊగుబల్ల మీద నిలబడ్డవాళ్ళే తెప్ప మీద ఉంటారు. మధ్యలో అడుగు కింద పెట్టినవాళ్ళు గట్టు మీద కాలనీకి వెళ్ళాలి. ఊగే నేల మీద పడి తుంటి విరగ్గొట్టుకుంటే ఇక్కడ బాగుచేసేవాళ్ళు లేరని.

నేను గట్టుకి వెళ్ళను. నువ్వు పోయాక నిన్ను దింపింది ఈ తెప్ప కిందే. నెలనెలా పేర్ల పిలుపులో బతికున్నవాళ్ళ పేర్లయ్యాక కిందున్నవాళ్ళ పేర్లు పిలుస్తారు కదా. నీ పేరు పిలిచినప్పుడు "ఉంది" అని పలకడానికి నేనొక్కదాన్నే ఉన్నాను. ఎవరూ పలకని పేరు మళ్ళీ నెల పిలవరు. నేను వెళ్ళిపోతే నీ పేరు ఆగిపోతుంది.

తిన్నది: కాస్త గంజి.

సోమవారం. పోటు.

వంట దింపాక ఊగుబల్ల ఎక్కాను. నువ్వు చేసిన బల్లే. కింద సగానికి చీల్చిన దుంగ, పైన చెక్క. ఎక్కీ ఎక్కగానే వెల్లకిలా పడ్డాను. మళ్ళీ ఎక్కాను. ఈసారి బోర్లా.

వెనక నుంచి ఎవరో అన్నారు.

"ఏటే ధనకొండా, తిమింగలం గట్టుకి కొట్టుకొచ్చినట్టు పడ్డావు."

మసేనమ్మ. మన పక్కింటి మసేనమ్మే. వంటశాలలో ఇన్నేళ్ళు వండిపెట్టాను, ఒక్క పూటన్నా కంచం ముందు కూర్చుని "ఉప్పు లేదు" అనకుండా తిన్నదా? నువ్వు పోయాక మాత్రం అది కూడా అనడం మానేసింది. తల దించుకుని తినేసి వెళ్ళిపోయేది. ఇన్ని నెలల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట ఇది.

"నవ్వుకో. నీకేం, రోజూ బల్లెక్కినదానివి" అన్నాను.

"నవ్వడానికి రాలేదు. నువ్వు కాళ్ళకేసి చూత్తన్నావు. చూడకు. పాదం కూడా చెవి లాంటిదే, వింటది. విననియ్యి."

అది మసేనమ్మ మాట కాదు. అలా మాట్లాడేది నువ్వు. నీ మాట ఆవిడ నోట్లో దాచుకుని ఉంది. రోజూ మధ్యాహ్నం నువ్వు బల్ల దగ్గర నలుగురిని పోగేసి నేర్పేదానివి. బొంగరం దగ్గర పనిచేసేదానివి కాబట్టి అది ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుందని నీకు తెలుసు. "అమ్మా, ఇవాళన్నా రా" అనేదానివి. "అన్నం వార్చి వత్తాను లేవే" అనేదాన్ని. అన్నం వార్చేసరికి మీ పాఠం అయిపోయేది. రేపు వెళ్దాంలే అనుకునేదాన్ని. రేపు కూడా అన్నం వార్చాలి కదా.

చదివేవాళ్ళకి ఆ రోజు సంగతి కూడా రాయాలి. ఒక్కసారి రాస్తాను, మళ్ళీ రాయను. ఆ మధ్యాహ్నం అలలు పెద్దగా ఉన్నాయి. కరెంటు పోయి బొంగరం నిలిచిపోయింది. తెప్ప ఒక్కసారిగా ఒరిగింది. నేల మీద ఉన్నవాళ్ళంతా పడ్డారు. మసేనమ్మ ఉప్పుకోసం గట్టుకెళ్ళింది. ఆవిడ మనవరాలు గంగ, ఇంకా సరిగ్గా నడక రాని పిల్ల, జారుకుంటూ అంచు మీదికి పోతోంది. నిలబడి ఉన్నది నువ్వొక్కదానివే. అందుకే పరిగెత్తగలిగింది కూడా నువ్వొక్కదానివే. పిల్లని లోపలికి తోశావు. తోసినందుకు నువ్వు బయటికి పోయావు. మన తెప్పకీ పక్క తెప్పకీ మధ్యలోకి.

నేను వంటశాల గుంజ దగ్గర ఉన్నాను. లేవబోయాను, పడ్డాను. మళ్ళీ లేవబోయాను, పడ్డాను. గుంజకీ అంచుకీ మధ్య చాప పరిచినంత దూరం. ఆ దూరం నడవడం నాకు రాలేదు.

మసేనమ్మని ఇవాళ నేను ఏమీ అనలేదు. "రేపు కూడా వత్తావా" అని మాత్రం అడిగాను.

"నీ చారులో ఉప్పేత్తే వత్తాను" అంది.

బుధవారం. మబ్బు.

ఎస్తేరు సిస్టరు ఇంటింటికీ వచ్చి చూస్తోంది. నా కళ్ళ ముందు వేలు అటూ ఇటూ ఆడించింది. నిలబెట్టి కళ్ళు మూసుకోమంది. మూసుకోగానే ఎడమవైపు ఒరిగిపోయాను, పట్టుకుంది.

"చూడమ్మా, మనిషిని నిలబెట్టేవి మూడు. కళ్ళు ఒకటి. చెవుల్లోపల నీళ్ళలాంటివి ఉంటాయి, తల ఎటు వంగితే అటు కదులుతాయి, అవి ఒకటి. పాదాలు, కీళ్ళు ఒకటి. మూడూ ఒకే కబురు తెస్తే ఒళ్ళు నిలబడుతుంది. బొంగరం వచ్చాక నువ్వు కళ్ళ మీదే బతికావు. మిగతా రెండింటికీ పని లేకపోయింది. పని లేని కూలీలు నిద్రపోతారు కదా, అంతే."

"మళ్ళీ లేత్తాయా సిస్టరుగారూ?"

"లేస్తాయి. లేపాలి. ఇంతకీ పొద్దున్నుంచి ఏం తిన్నావు?"

"చారు రుచి చూశానండి."

"తెప్ప మొత్తానికి వండి రుచి చూసి ఊరుకుంటావా? అది తినడం కాదు. కళ్ళు తిరగడానికి సగం కారణం నీ చెవుల్లో లేదు, కడుపులో ఉంది. నీలాంటివాళ్ళని నిలబెట్టడం నా వల్ల కాదు తల్లీ. ముందు కూర్చుని అన్నం తిను."

ఆవిడ ఎదురుగా కూర్చుని నేను ముద్ద ముద్దా తినేదాకా కదలలేదు. నువ్వు పోయాక ఒకళ్ళ ముందు కూర్చుని తినడం ఇదే. ముద్ద మధ్యలో చెంగుతో కళ్ళు తుడుచుకున్నాను. ఆవిడ అటు తిరిగి సంచి సర్దుకుంటున్నట్టు నటించింది.

తిన్నది: అన్నం, వంకాయ కూర. సిస్టరు సాక్షి.

శుక్రవారం. ఆటు.

మసేనమ్మ రోజూ వస్తోంది. పాఠాలు నీవే, అరుపులు ఆవిడవి.

మొదటి రోజు వేలు పాఠం. బల్ల మీద నిలబడి ఒక్క వేలు ఆవిడ భుజానికి ఆనించమంది. ఆనించగానే మొత్తం బరువు ఆవిడ మీద వేశాను.

"ఆనుకోకే, తాకు! ఈగ వాలినట్టు తాకు. నేను నిన్ను మొయ్యడానికి లేను, నువ్వు ఎక్కడున్నావో నీకు చెప్పడానికి ఉన్నాను."

నిజమే బొమ్మిడాయీ. ఈగ వాలినంత తాకినా చాలు, ఒళ్ళు కుదురుతోంది. ఆ వేలు ఏమీ మొయ్యదు. అయినా నిలబెడుతుంది. నువ్వు వంటశాలలో నా వెనక నుంచి వెళ్తూ వీపు మీద ఒక్క వేలుతో తాకి పోయేదానివి గుర్తుందా? పనిలో ఉంటే చిరాకు పడేదాన్ని.

తర్వాత ఊపు పాఠం. బల్ల కొంచెం ఊగితే చీలమండ దగ్గరే సర్దుకోవాలి, పైన ఒళ్ళు కర్రలా ఉండాలి. ఎక్కువ ఊగితే నడుం దగ్గర వంగాలి. మొదటిది ఇవాళ వచ్చింది. రెండోది సగం వచ్చింది.

"రత్నం మూడోది కూడా చెప్పేది గానీ, నీకక్కర్లేదు" అంది మసేనమ్మ.

"ఏటది?"

"ఎందుకే, పరీచ్చలో అది చేత్తే గట్టుకే పంపుతారు."

"నా కూతురు చెప్పింది నాకు చెప్పడానికి నీకేటి నొప్పి?"

మసేనమ్మ నీలాగే చెయ్యి ఊపుతూ చెప్పింది. "చిన్న ఊపుకి చీలమండ, పెద్ద ఊపుకి నడుం. దానికీ ఆగకపోతే మూడోది అడుగు. అడుగేత్తే పడిపోయినట్టు కాదు పిన్నీ, పడిపోకుండా ఉన్నట్టు. అలా అనేది."

నిన్ను చూసినట్టే అయింది. అసూయ కూడా వేసింది, అబద్ధం ఎందుకు. నీ మాటలన్నీ పరాయి మనిషి దగ్గర ఉన్నాయి. నేను ఒక్కొక్కటే అడిగి తెచ్చుకోవాలి.

తిన్నది: రెండు పూటలా అన్నం. మసేనమ్మ ఉప్పు లేదంది.

మంగళవారం. గాలి ఎక్కువ.

కళ్ళు మూసుకుంటే ఇంకా పడుతున్నాను. అమావాస్య దగ్గరికి వచ్చేసింది. పొద్దున్న పడ్డప్పుడు మోచెయ్యి చెక్కుకుపోయింది. బల్ల దిగి కింద కూర్చున్నాను.

"నా వల్ల కాదే మసేనమ్మా. గట్టుకే పోతాను. అక్కడ కూర్చుని దాని పేరు నేనే పిలుచుకుంటాను, నేనే పలుక్కుంటాను."

ఆవిడ ఓదార్చలేదు. లేచి వంటశాలలోకి వెళ్ళింది. చారుగిన్నెలో అంచు దాకా నీళ్ళు పోసి తెచ్చింది. నా చేతుల్లో పెట్టి బల్ల ఎక్కమంది.

"గిన్నె పట్టుకుని ఎలా ఎక్కుతానే, పిచ్చిదానా?"

"ఇరవై ఏళ్ళు తాడు కట్టిన గిన్నెలు మోసినదానివి, నన్నడుగుతావేటి? ఎక్కు."

ఎక్కాను. నీళ్ళు తొణకలేదు. "ఇప్పుడు కళ్ళు మూసుకో" అంది. మూసుకున్నాను. చేతుల్లో నీళ్ళు ఎటు వాలుతున్నాయో తెలుస్తోంది. వాటిని చూసుకుంటూ ఉన్నాను. కాళ్ళ సంగతి మరిచిపోయాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. కళ్ళు తెరిచేసరికి మసేనమ్మ చెంగు నోట్లో కుక్కుకుని ఉంది.

"ఏటే?"

"ఏం లేదు. రత్నం రోజూ చూపించేది. నువ్వు వంటశాలలోంచి చారుగిన్నె పట్టుకుని వత్తావు కదా, పాఠం ఆపేసి అనేది. అదిగో, మా అమ్మ వత్తంది, చూడండి. కాళ్ళకేసి చూడదు. గిన్నెకేసే చూత్తది. ఒళ్ళు దానంతటదే సర్దుకుంటది. మీరూ అలా నిలబడాలి అనేది."

"మీరంతా నాకేసి చూసి నవ్వుకుంటున్నారనుకునేదాన్ని."

"నవ్వడం ఏటే, పాఠం చదూకునేవోళ్ళం."

పిలిచినప్పుడు రాలేదని ఇన్నాళ్ళూ కుమిలిపోయాను. నువ్వేమో రాని మనిషిని కూడా పాఠంలో పెట్టేశావు. ఇది తెలిస్తే మనసు తేలికపడాలి కదా. పడలేదు. నువ్వు రోజూ నాకేసి అంత చూశావు. నేను గిన్నెకేసి చూశాను.

ఆదివారం. అమావాస్య.

ఒక్కో ఇంటి ముందు ఒక్కో ఊగుబల్ల పెట్టారు. చుట్టూ పాత వలలు మడతలు మడతలుగా పరిచారు. నా బల్ల, మసేనమ్మ బల్ల పక్కపక్కనే.

"చేతులు ఖాళీగా ఉండాలి" అన్నాడు దానయ్య బావ.

"గిన్నె పట్టుకున్నట్టు ఊరికే చాపొచ్చా బావా?"

"గాలిలో గిన్నె ఎంత పెద్దదైనా పట్టుకో ధనకొండా, దానికి రూలు లేదు."

అందరూ నవ్వారు. గాల్లో చేతులు చాపి, ఆ చేతుల్లో లేని గిన్నెని పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. "తల తిప్పకే. ఏం జరిగినా తల తిప్పకు. చెవిలో నీళ్ళు కదిలితే అయిపోయావు" అని మసేనమ్మ గొణుగుతూనే ఉంది.

పిలుపు మొదలైంది. బతికున్నవాళ్ళ పేర్లు. నా పేరు వచ్చింది. "ఉన్నాను" అన్నాను. మాట్లాడేటప్పుడు ఊపిరితో పాటు ఒళ్ళు కూడా కదులుతుంది, అది ముందే చెప్పింది మసేనమ్మ. చీలమండ సర్దుకుంది. అక్కడో చప్పుడు, ఇక్కడో చప్పుడు. ఎవరెవరో పడుతున్నారు. ఎవరివో ఏడుపులు, ఎవరివో తిట్లు. నేను గిన్నె చూసుకుంటున్నాను.

తర్వాత కిందున్నవాళ్ళ పేర్లు. మీ నాన్న పేరు వచ్చింది. "ఉన్నాడు" అన్నాను. పెద్ద ఊపు వచ్చింది. నడుం వంచి ఆపుకున్నాను. పాత పేర్లు ముందు, కొత్త పేర్లు తర్వాత. కొత్త పేరు నీదే. ఆఖరిది.

"నూకరత్నం."

ఎప్పుడూ గుంజకి ఆనుకుని పలికేదాన్ని. ఆనుకోవడానికి ఏమీ లేకుండా ఆ పేరు వినడం ఇదే. నోరు తెరిస్తే ఒళ్ళంతా కూలిపోతుందనిపించింది.

"నూకరత్నం." రెండోసారి. మూడోసారి పిలవరు.

"ఉంది!"

అది నా గొంతు కాదు. నా పక్కనుంచి వచ్చింది. ఆ వెంటనే ధబ్బుమని చప్పుడు, "అమ్మో" అని మూలుగు. మసేనమ్మ పడింది. నేను పలకలేకపోతున్నానని నావైపు తల తిప్పి తాను పలికింది. నాకు రోజూ తిప్పొద్దని చెప్పిన తలే తిప్పింది.

నాకు తెలిసింది. చప్పుడు వినగానే తెలిసింది. చెయ్యి చాపితే అందే దూరంలో ఉంది. నేను కళ్ళు తెరవలేదు. చెయ్యి చాపలేదు. బల్ల దిగలేదు. నా గాలిగిన్నె పట్టుకుని నిలబడి "ఉంది" అన్నాను.

"అయిపోయింది" అన్నాడు దానయ్య బావ.

నేను తెప్ప మీద ఉంటాను. మసేనమ్మ గట్టుకి వెళ్తుంది.

సోమవారం. అలల సంగతి చూడలేదు.

అన్నం సహించలేదు. సిస్టరుకి అబద్ధం రాయకూడదు కాబట్టి రాస్తున్నాను. ఏమీ తినలేదు.

మళ్ళీ అలాంటి రోజు వస్తే ఎవరినైనా పట్టుకోగలగాలని నిలబడడం నేర్చుకున్నాను అనుకున్నాను. ఆ మాట లోపల వందసార్లు అనుకున్నాను. నేర్చుకున్నాక పక్కన మొదటి మనిషి పడింది. నేను నిలబడే ఉన్నాను. ఆ రోజు లేవలేక ఊరుకున్నాను. నిన్న లేచి ఉండి ఊరుకున్నాను. ఏది నయమో నువ్వే చెప్పు.

పొద్దున్నే దానయ్య బావ దగ్గరికి వెళ్ళాను.

"మసేనమ్మ నా కోసం పడింది బావా. తూలి పడలేదు. ఆవిడని ఉండనియ్యి."

ఆయన వల అల్లుతూ తల ఎత్తలేదు. "మా ఆవిడ కూడా పడింది ధనకొండా."

వల కొస నేల మీదికి జారింది, తీసి ఆయన ఒళ్ళో పెట్టాను.

"రూలు పెట్టింది నేను. మా ఆవిడకి లేని మినహాయింపు ఎవరికిచ్చినా మొహం ఎత్తుకోలేను. మళ్ళీ అమావాస్యకి వచ్చి నిలబడమను. గట్టు ఏమన్నా దేశాంతరమా? నిలబడితే ఉంటారు."

మసేనమ్మ దగ్గరికి వెళ్ళాను. మోకాలికి పసుపు పట్టించుకుని మూటలు కడుతోంది.

"నన్ను తిట్టవే" అన్నాను.

"దేనికి?"

"చెయ్యి చాపలేదు."

"చాపితే ఇద్దరం గట్టుకి పోయేవోళ్ళం. అక్కడ కూడా ఉప్పులేని చారు తాగమంటావా?" అని మూట ముడి బిగించింది. తర్వాత నావైపు చూడకుండా అంది. "నా గంగ బతికుంది కదే. రత్నం పేరు పిలిచినప్పుడల్లా నేను లోపల పలుకుతానే ఉన్నాను. నీకు వినపడేలా పలకడం ఇదే మొదలు."

నేను వెళ్ళిపోయినా నీ పేరు ఆగేది కాదన్నమాట. అది నాకు తెలియదు. ఇన్ని నెలలు పక్కింట్లో ఉండి తెలియదు.

గురువారం.

బొంగరం ఆపేశారు. ముందు ఆ గుంయ్‌మనే శబ్దం సన్నబడింది. ఇన్నేళ్ళుగా ఉన్న శబ్దం, ఉందని కూడా మరిచిపోయాం. అది ఆగాక చెవులు బోసిపోయాయి. కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత నేల మెల్లిగా ఊపిరి తీసింది. ఒకవైపు లేచింది, మరోవైపు దిగింది. వాళ్ళమ్మ చంకలో గంగ కేరింతలు కొట్టింది. నేల చచ్చిపోయిందన్నావు కదా. చూడాల్సింది.

గిన్నెలకి మళ్ళీ తాళ్ళు కట్టాను.

శుక్రవారం. అలలు పెద్దవి.

గట్టు పడవ మధ్యాహ్నం వచ్చింది. వెళ్ళేవాళ్ళు అంచు దగ్గర మూటలతో నిలబడ్డారు. దారిలో తాగడానికని మసేనమ్మకి చారు కాచాను. ఉప్పు మూడుసార్లు చూసుకుని వేశాను. అంచు దాకా నింపిన గిన్నె పట్టుకుని వంటశాల గుంజ దాటి బయటికి వచ్చాను. గిన్నెకేసే చూస్తున్నాను.

మసేనమ్మ ఒక కాలు పడవలో పెట్టింది. అప్పుడే పెద్ద అల లేచింది. పడవ కిందికి దిగింది, తెప్ప పైకి లేచింది. ఆవిడ కాళ్ళు రెండూ రెండు వైపులా విడిపోయాయి. చేతులు గాల్లో లేచాయి. అరవలేదు. పడవకీ తెప్పకీ మధ్య నల్లటి నీళ్ళు నోరు తెరిచాయి.

గిన్నె వదిలేశాను. నా జన్మలో గిన్నె వదిలెయ్యడం ఇదే. అది దొర్లుకుంటూ పోయింది, వేడి చారు కాళ్ళ మీద పడింది. చీలమండ చాల్లేదు. నడుం చాల్లేదు. అడుగు వేశాను. నేల ఎటు లేస్తే అటు ఇంకో అడుగు వేశాను. గుంజకీ అంచుకీ మధ్య ఉన్న దూరం అంతేనే బొమ్మిడాయీ. చాప పరిచినంతే. ఎప్పుడూ అంతే.

ఆవిడ మణికట్టు దొరికింది. వెనక్కి లాగి ఇద్దరం తెప్ప మీద కూలబడ్డాం. దానయ్య బావ, పడవ వాళ్ళు వచ్చి లేపారు. ఆవిడ కాసేపు నా చెయ్యి వదల్లేదు. నేనూ వదల్లేదు. ఆ చెయ్యి ముసలి చెయ్యి, గరుకు చెయ్యి, నీది కాదు. అయినా పట్టుకునే ఉన్నాను.

"మూడోది వచ్చేసిందే నీకు" అంది మసేనమ్మ.

నేను ఏడుస్తున్నాను. ఆవిడ పట్టించుకోలేదు. సముద్రంలోకి పోతున్న చారుకేసి చూసింది.

"చేపలకి ఉప్పు సరిపోద్దిలే" అంది.

పడవ ఎక్కి వెళ్ళిపోయింది. రూలు రూలే. ఈసారి ఎక్కేటప్పుడు నా భుజానికి వేలు తాకించి ఎక్కింది. ఈగ వాలినట్టు. మళ్ళీ అమావాస్యకి వస్తుంది. బల్ల నేను ఊడ్చి పెట్టి ఉంచుతాను.

ఆదివారం. సముద్రం మామూలుగా ఉంది.

గట్టు నుంచి కబురు వచ్చింది. ఇన్నాళ్ళూ బల్ల మీద ఊగీ ఊగీ, ఇప్పుడు నేల కదలక మసేనమ్మ తూలిపోతోందట, మట్టి మీద నడవడం ఇప్పుడు కొత్తగా నేర్చుకోవాలట. ఆ నేలని ఎవరైనా కాస్త ఊపండి అని కాలనీ వాళ్ళని తిడుతోందట.

నేను ఇవాళ మధ్యాహ్నం బల్ల దగ్గర కూర్చున్నాను. ఇద్దరు ముగ్గురు వచ్చారు. నీ మాటలు నాకు తెలిసినంత వరకు చెప్పాను. తెలియనివి మసేనమ్మ వచ్చాక అడుగుతాను. అన్నం కాస్త ఆలస్యమైంది. ఎవరూ ఏమీ అనలేదు. ఇంత చిన్న సంగతి, అప్పుడే చేసుండొచ్చు. పాఠమయ్యాక వార్చినా అన్నం అన్నమే అవుతుంది.

బొమ్మిడాయీ, ఈ పుస్తకం రేపు సిస్టరుకి ఇచ్చెయ్యాలి. కాబట్టి ఇప్పుడు పక్కన నిలబడి వింటున్నవాళ్ళతో ఒక్క మాట చెప్పి ఆపుతాను.

అమ్మల్లారా, అయ్యల్లారా, మీ బొంగరం ఆగేముందు బల్ల ఎక్కండి. కాళ్ళకేసి చూడకండి. పక్కన ఎవరైనా ఉంటే ఒక్క వేలు ఆనించండి. మీ పిల్లలు ఏదైనా నేర్పుతామని పిలిస్తే వెళ్ళండి. పడ్డా ఫరవాలేదు, కింద వలలు పరుస్తారు. పక్కవాళ్ళు పడుతుంటే మాత్రం నిలబడి ఉండకండి, అడుగు వెయ్యండి.

ఒట్టి కడుపుతో మాత్రం బల్ల ఎక్కకండి. వేళకి కూర్చుని కడుపు నిండా అన్నం తినండి.